ఇంటి లెక్కలు: పాచికా, ఘనమూ, మన గోదావరీ

పోయిన పండుగ సెలవులలో మన నాందేడులోనే ఒక తెలుగువారి ఇంటికి భోజనానికి వెళ్ళాము. భోజనాలయిన తరువాత పెద్దలు నడుము వాల్చారు. పిల్లలు నడవలో సుద్దముక్కతో అయిదు వరుసల అష్టాచెమ్మ గీసుకొని, నాలుగు గవ్వలు పట్టుకొని కూర్చున్నారు. ఆరవ తరగతి చదివే పిల్లవాడికి ఎంతసేపటికీ అష్ట పడటము లేదు. విసుగెత్తి, ప్రక్కన వక్క కత్తిరిస్తున్న అవ్వను అడిగాడు:

“అవ్వా, ఇరవైసార్లు ఏసిన. ఒక్క అష్ట పడలే. ఇప్పుడన్న పడాల్నా, వద్దా?”

“గవ్వకు మతి వుంటదా బిడ్డా? నువ్వు ఇరవైసార్లు ఏసినవని దానికేం ఎరుక?” అన్నది అవ్వ, కత్తెర ఆపకుండానే.

మేము నవ్వుకున్నాము. కాని ఆ ఒక్క మాటలో పెద్ద పెద్ద గణితశాస్త్ర గ్రంథాలు చెప్పే విషయమంతా వున్నది. అవ్వ ఏ బడికీ వెళ్ళలేదు.

అంతలో ఆ పిల్లవాడి అక్క మూలనుంచి, “నన్ను మాత్రం లెక్కలు అడగకండి. నాకు లెక్కలు రావు” అన్నది. ఏడవ తరగతి పిల్ల. సంగతేమిటని అడిగితే పరీక్ష కాగితము తెచ్చి చూపించింది. మూడు ఘనము ఎంత అని ప్రశ్న. తొమ్మిది అని రాసింది. దాని మీద ఎర్ర సిరాతో పెద్ద అడ్డగీత. పన్నెండేళ్ళ పిల్ల నోటివెంట “నాకు లెక్కలు రావు” అన్న మాట వినడము మాకు కష్టమనిపించింది. అది ఒక తప్పు జవాబుకు మార్కు పోవడము వంటిది కాదు. జీవితమంతా మోసుకుపోయే మాట. అందుచేత ఈ నెల మన లెక్కలు అవ్వ గవ్వలతో మొదలుపెట్టి, ఆ పిల్ల ఘనము మీదుగా నడుపుదామనుకున్నాము.

ముందు గవ్వలు. గవ్వ వెల్లకిలా పడటమూ, బోర్లా పడటమూ సరిసమానమే అనుకుందాము. నాలుగు గవ్వలు పడే తీరులు 2×2×2×2, అనగా పదహారు. వాటిలో నాలుగూ బోర్లా పడే తీరు ఒక్కటే. అదే అష్ట. కాబట్టి పదహారింట ఒకటి. అటువంటప్పుడు వరుసగా ఇరవైసార్లు వేసినా ఒక్క అష్ట పడకపోవడము వింత గాదు. నాలుగింట ఒక వంతుకన్నా ఎక్కువగానే జరిగే విషయము. ఇరవై ఒకటవసారి వేసేటప్పుడు కూడా దాని అవకాశము పదహారింట ఒకటే. వెనుకటి ఇరవై లెక్కలోకి రావు. అవ్వ చెప్పినదీ అదే: గవ్వకు మతి లేదు.

అయితే మేము పైన “అనుకుందాము” అన్నాము గదా! నిజానికి గవ్వకు ఒక ప్రక్క బొజ్జ, ఒక ప్రక్క నోరు. రెండు ప్రక్కలూ సమానము గావు. ఈ చిక్కు లేకుండా వుండాలంటే అన్ని ముఖాలూ ఒకే తీరున వుండే వస్తువు కావాలి. అదే ఘనాకారపు పాచిక. ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు. ఏ ముఖము చూచినా ఒకే చదరము. ఏ ముఖానికీ ఎక్కువ తక్కువలు లేవు కాబట్టి దాని తీర్పు మీద ఎవరికీ ఫిర్యాదు వుండదు.

ఇది ఇప్పటి కనిపెట్టుడు గాదు. మొహెంజొదారో తవ్వకాలలో నాలుగు వేల ఏళ్ళకు పైబడిన మట్టి పాచికలు దొరికాయి. చుక్కలతో సహా ఘనాకారముగా వున్నాయి. ఒక్కటే తేడా. మన లూడో పాచికను తిప్పి చూడండి: ఒకటికి ఎదురుగా ఆరు, రెండుకు ఎదురుగా అయిదు, మూడుకు ఎదురుగా నాలుగు. ఏ జత కలిపినా ఏడు. మొహెంజొదారో పాచికలలో ఒకటికి ఎదురుగా రెండు, మూడుకు ఎదురుగా నాలుగు, అయిదుకు ఎదురుగా ఆరు వుండే అమరిక కనిపించింది. మన మరాఠీ పొరుగువారు సారీపాట్‌లో వాడే పొడుగు పాచికలు మరొక జాతి. వాటికి పనిచేసే ముఖాలు నాలుగే.

పాచిక అనగానే మన తెలుగువారికి ధర్మరాజు గుర్తుకు వస్తాడు. సభాపర్వములో ఆయన ఓడిపోతూనే మళ్ళీ పందెము ఒడ్డుతాడు. ఈసారైనా కలిసిరాదా అనే ఆశ ఆయనది. అదే భారతములో, అరణ్యపర్వములో, నన్నయగారు తెనిగించిన నలోపాఖ్యానము వున్నది. నలుడు కూడా జూదములో రాజ్యము పోగొట్టుకున్నవాడే. కాని అక్కడ కథ ఓటమితో ఆగలేదు. ఋతుపర్ణ మహారాజు రథములో పోతూ దారిలో ఒక తాండ్రచెట్టును చూచి దాని ఆకులూ కాయలూ ఇన్ని అని చెబుతాడు. నలుడు రథము దిగి లెక్కపెట్టి చూస్తాడు, సరిపోతుంది. అప్పుడు తన అశ్వవిద్య ఇచ్చి ఆయన దగ్గర అక్షవిద్యా, లెక్కపెట్టే విద్యా నేర్చుకుంటాడు. తాండ్రచెట్టే ఎందుకు? త్రిఫలాలలో ఒకటయిన ఆ తానికాయలే పూర్వము పాచికలుగా వాడేవారు. పాచిక గుట్టూ, లెక్క గుట్టూ ఒకే చెట్టు క్రింద పెట్టిన కథ అది. విదర్భ రాకుమారి దమయంతి కథ కాబట్టి, మన పొరుగింటి కథ అని కూడా చెప్పుకోవచ్చును.

ఇప్పుడు పాచికనూ ఘనమునూ కలిపే లెక్క ఒకటి చూద్దాము. పాచిక మూడుసార్లు వేస్తే ఒక్కసారైనా ఆరు పడే అవకాశమెంత? చాలామంది “ఆరింట ఒకటి గదా, మూడుసార్లకు ఆరింట మూడు, అనగా సగము” అంటారు. మేమూ చిన్నప్పుడు అట్లాగే అనేవాళ్ళము. లెక్క వేసి చూడండి. మూడుసార్లు వేసినప్పుడు వచ్చే తీరులు మొత్తము 6×6×6, అనగా 216. ఇదే ఆరు ఘనము. ఒక్కసారి కూడా ఆరు పడని తీరులు 5×5×5, అనగా 125. ఇది అయిదు ఘనము. 216లో 125 తీసివేస్తే 91. సగము కావాలంటే 108 వుండాలి. కాబట్టి సగమని నమ్మి పందెము కాసినవాడు ఏనాటికయినా మునగక తప్పదు.

ఇటువంటి సందేహమే 17వ శతాబ్దిలో ఇటలీలో వచ్చింది. మూడు పాచికలు కలిపి వేస్తే మొత్తము తొమ్మిది రావడానికి ఆరు విధాలు, పది రావడానికీ ఆరు విధాలు. అయినా పదే ఎక్కువసార్లు పడుతున్నదేమని టస్కనీ ప్రభువు గెలీలియోను అడిగాడు. గెలీలియో ఓపికగా 216 తీరులూ ఎంచి చూపించాడు. 3, 3, 3 పడటానికి ఒక్క తీరే. 1, 2, 6 పడటానికి ఆరు తీరులు. అట్లా ఎంచితే తొమ్మిదికి 25, పదికి 27. రెండే తేడా. రోజంతా ఆడేవారికి ఆ రెండూ కనిపించాయి. కారణము మాత్రము లెక్క వేస్తేనే తెలిసింది.

ఇది పిల్లల ఆట అని కొట్టివేయవద్దు. చేతిఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటలలో చిక్కుకొని, “ఇన్నిసార్లు పోయింది, ఇక రావలసిందే” అంటూ అమ్మ గాజులదాకా వచ్చిన కుర్రవాడు వున్న ఇల్లు మాకు తెలుసును. 2025లో కేంద్ర ప్రభుత్వము అటువంటి డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టము చేసింది. చట్టము మంచిదే. కాని ఇంటిలో ఒక అవ్వ “గవ్వకు మతి వుంటదా బిడ్డా” అని చెప్పివుంటే ఆ గాజులు ఆనాడే నిలిచేవి.

ఇక ఆ పిల్ల ఘనము. మూడు అంకె మీద చిన్నదిగా మరొక మూడు వేసి వుంటే, మూడు మూళ్ళు తొమ్మిది అనుకోవడము సహజము. మేము ఆమెను వంటింటిలోకి తీసుకువెళ్ళాము. వాళ్ళ అమ్మగారు బెల్లము అచ్చును చిన్న చిన్న సమమైన ముక్కలుగా తరిగి ఇచ్చారు. “పళ్ళెములో మూడు వరుసలు పేర్చు తల్లీ, వరుసకు మూడు” అన్నాము. పేర్చింది. “ఎన్ని?” “తొమ్మిది.” “ఇప్పుడు దీని మీద ఇంకో అంతస్తు. దాని మీద మరొకటి.” పేర్చింది. లెక్కపెట్టింది. ఇరవై ఏడు. కొంచెముసేపు చూచి, “అయితే నేను పరీక్షలో ఒక్క అంతస్తే కట్టిన” అన్నది. అంతకంటె బాగా ఏ పంతులుగారూ చెప్పలేరు. పొడవు మూడు, వెడల్పు మూడు, ఎత్తు మూడు: ఆమె ఎత్తు మరచిపోయింది, అంతే.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయములో ఆర్యభటుడు ఘనమునకు రెండు అర్థాలూ ఒకచోటనే చెప్పాడు. సమానమైన మూడు సంఖ్యల లబ్ధము ఘనము. పన్నెండు అంచులుగల ఆకారమూ ఘనమే. అంకె ఒక చేత, వస్తువు ఒక చేత పెట్టాడు. మనము పిల్లలకు అంకె మాత్రము ఇచ్చి, వస్తువు దాచివేస్తున్నాము.

ఇక్కడ ఒక మాట. మన పిల్లలు బడిలో మరాఠీలో ‘తీన్‌చా ఘన సత్తావీస్’ అని చదువుతారు, లేదా ఇంగ్లీషులో ‘క్యూబ్’ అంటారు. ఇంటిలో తెలుగులో లెక్క మాట్లాడేవారు లేరు. అవ్వకు క్యూబ్ తెలియదు, మనుమరాలికి ఘనము తెలియదు. నిజానికి మరాఠీ ఘనమూ తెలుగు ఘనమూ ఒకటే మాట. మన ఇంటిపేర్ల చివర ‘వారు’ పోయి ‘వార్’ అయినట్లుగా, చివర ‘ము’ ఒక్కటే పోయింది. ఘనపదార్థములోని ఘనమూ అదే. ‘ఘనమైన పెళ్ళి’ అన్నప్పటి ఘనమూ అదే. ఈ ఒక్క మాట పట్టుకుంటే బడి మెట్టూ ఇంటి గడపా కలుస్తాయి.

తెలుగులో లెక్కల పుస్తకము లేకనా? పదకొండు, పన్నెండు శతాబ్దులనాటి పావులూరి మల్లన గణితశాస్త్రాన్ని తెలుగు పద్యాలలో చెప్పాడు. ఆయనకు మూలము మహావీరాచార్యుల సంస్కృత గణితసారసంగ్రహము. గుణకారము, భాగహారము, వర్గము, వర్గమూలము, ఘనము, ఘనమూలము మొదలయిన ఎనిమిది పరికర్మలు అందులో వున్నాయి. ఆ మహావీరాచార్యులు 9వ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమువాడు. మన నాందేడు జిల్లా కంధార కోట రాష్ట్రకూటులనాటిదని ప్రసిద్ధి. అనగా ఆ ప్రభువుల సీమలో పుట్టిన లెక్క గోదావరి క్రింది దేశాలకు పోయి తెలుగైనది. మన పెద్దలు తెలుగు పట్టుకొని ఈ ఒడ్డుకు వచ్చారు. బాకీ సరిపోయింది.

బెల్లము ముక్కలు తినేలోగా ఆ పిల్లకు రెండు వినోదాలు చూపించాము. మన ఇళ్ళలోనూ చూపవచ్చును. మొదటిది: బేసి సంఖ్యలు వరుసగా రాసి, మొదట ఒకటి, తరువాత రెండు, తరువాత మూడు చొప్పున విడదీయండి. 1; 3+5=8; 7+9+11=27; 13+15+17+19=64. అన్నీ ఘనాలే. ఆ ఘనాలను కలపండి: 1+8+27+64=100. పక్కన 1+2+3+4=10; పది పదులు వంద. ఘనాల మొత్తము ఎప్పుడూ ఆ సంఖ్యల మొత్తము యొక్క వర్గమే. ఇదీ ఆర్యభటుడు చెప్పినదే.

రెండవది ఘనమూలము నోటితో చెప్పడము. ఒకటి నుంచి తొమ్మిది వరకు ఘనాలు కంఠస్థము చేయండి: 1, 8, 27, 64, 125, 216, 343, 512, 729. చివరి అంకెలు ఏ రెండూ ఒకటి గావు. రెండింటి ఘనము ఎనిమిదితో, ఎనిమిది ఘనము రెండుతో ముగుస్తుంది. మూడూ ఏడూ అట్లాగే ఒకదానికొకటి మార్చుకుంటాయి. మిగిలినవి తమ అంకెతోనే ముగుస్తాయి. ఇప్పుడు ఎవరినైనా ఒక రెండంకెల సంఖ్య ఘనము చేసి చెప్పమనండి. 74088 అన్నారు. చివర 8 కాబట్టి ఒకట్ల స్థానము 2. చివరి మూడంకెలు తీసివేస్తే 74; అది 64కు పైన, 125కు లోపల కాబట్టి పదుల స్థానము 4. జవాబు 42. పూర్వము మన నాందేడు దుకాణాలలో పావ్‌కీ, నిమ్‌కీ, దీడ్‌కీ ఎక్కాలు నోటికి వచ్చిన గుమాస్తాలు వుండేవారు. వారి మనుమలకు ఈ తొమ్మిది సంఖ్యలు ఒక లెక్క గాదు.

ఘనము మరచిపోతే పెద్దలకు కూడా నష్టమే. మా అనుభవమే చెబుతాము. వేసవిలో నీళ్ళకు కటకటగా వుంటే పాత సంపు చాలక కొత్తది కట్టించాలనుకున్నాము. పాతది మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు, వెయ్యి లీటర్లు. “రెట్టింపు కావాలి” అన్నాము. మేస్త్రీ అన్ని కొలతలూ రెట్టింపు చేశాడు. రెండు మీటర్ల ఘనము. పట్టేది రెండువేల లీటర్లు గాదు, ఎనిమిదివేలు. గోడలూ, అడుగూ, మూతా కలిపి నాలుగు రెట్ల పని. ట్యాంకరు తెచ్చిన నీళ్ళు అడుగున మెరుస్తూ వుండేవి. డబ్బు మాత్రము పైదాకా పోసినట్లయింది. రెట్టింపు నీటికి కావలసిన పక్క 126 సెంటీమీటర్లే. తప్పు మేస్త్రీది ఎంతో, లెక్క వేయక తల వూపిన మాది అంత.

ఆనాటి సాయంత్రమే ఆ ఇంటిలో ఇంకొక నీళ్ళ మాట వచ్చింది. ఆ పిల్ల మేనమామ నిజామాబాదునుంచి వచ్చివున్నాడు. కాఫీ తాగుతూ బాబ్లీ సంగతి ఎత్తాడు. “బావా, పైన మీరు ఆపుకుంటే క్రింద మా పొలాలేం గావాలె?” “మా ఊరి ముందటనుంచి పోయే గంగను మేము చూస్కుంట కూసోవాల్నా బావా?” మాట మాట పెరిగింది. మన ఇళ్ళలో ఇది కొత్త గాదు. ఆడపిల్లను ఇచ్చిన ఊరు ఒక రాష్ట్రములో, తెచ్చుకున్న ఊరు ఒక రాష్ట్రములో. 1956 వరకు ఒకే హైదరాబాదు రాష్ట్రములో వున్నవారము, ఇప్పుడు ఒకే నదికి పైనా క్రిందా కూర్చున్నాము.

సంగతి చదువరులకు తెలిసినదే. మన జిల్లా ధర్మాబాదు తాలూకా బాబ్లీ దగ్గర గోదావరి మీద కట్టిన బరాజు విషయములో ఆంధ్రప్రదేశ్ 2006లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చింది. జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు గేట్లు తెరచి వుంచాలి. మహారాష్ట్ర వాడుకోదగినది 2.74 టీఎంసీలు, మార్చి 1న 0.6 టీఎంసీ క్రిందికి వదలాలి. దిగువ శ్రీరామసాగరము మొదటి లెక్క ప్రకారము పట్టేది సుమారు 112 టీఎంసీలు. పూడికవల్ల తరువాత తగ్గింది.

బావలిద్దరూ టీఎంసీ, టీఎంసీ అంటూనే వున్నారు. “టీఎంసీ అంటే ఏమిటి మామయ్యా?” అని ఆ పిల్ల అడిగింది. ఇద్దరూ ఆగిపోయారు. వెయ్యి మిలియన్ల ఘనపుటడుగులు అని మేము చెప్పాము. ఆమె వేళ్ళు మడిచి, “వెయ్యి మిలియన్లంటే వెయ్యి ఇంటూ వెయ్యి ఇంటూ వెయ్యి. అంటే వెయ్యి అడుగుల పక్క వున్న బెల్లము అచ్చు!” అన్నది.

అవును గదా! ఒక టీఎంసీ అంటే వెయ్యి అడుగుల పొడవు, వెయ్యి అడుగుల వెడల్పు, వెయ్యి అడుగుల ఎత్తు వున్న నీళ్ళ ఘనము. సుమారు 2,832 కోట్ల లీటర్లు. కాగితము తెచ్చుకొని ఆ పిల్ల ఇంకా లెక్క వేసింది. 1.4 ఘనము 2.744. కాబట్టి బాబ్లీ నీళ్ళు సుమారు 1400 అడుగుల పక్క గల పెట్టె. శ్రీరామసాగరము 112 టీఎంసీలకు ఎన్నో ప్రయత్నాలు చేసి 4820 అడుగుల పక్క తేల్చింది. మైలుకు కొంచెము తక్కువ. పక్క చూస్తే మూడున్నర రెట్లు కూడా లేదు. నీరు చూస్తే నలభై రెట్లు.

లెక్క తీర్పు చెప్పదు. ఎండాకాలములో ధర్మాబాదు రైతుకు ఆ చిన్న పెట్టె ఎంత అవసరమో, క్రింది రైతుకు ప్రతి చుక్కా ఎందుకు భయమో ఘనమూలము చెప్పలేదు. కాని తగాదాపడే వస్తువు ఎంతదో ఇద్దరి కళ్ళ ముందూ పెట్టింది. బావలు గొంతులు తగ్గించి ఆ కాగితము మీదికి వంగారు. అవ్వ వచ్చి, “ఇంత చెప్పింది, దీనికా లెక్కలు రానిది?” అన్నది. ఆ పిల్ల జవాబు చెప్పలేదు. మిగిలిన బెల్లము ముక్క నోటిలో వేసుకున్నది.

వచ్చే నెలకు పిల్లలకు మూడు ప్రశ్నలు. ఒకటి: ఇరవై ఏడు ముక్కల ఘనమునకు బయట అన్ని వైపులా రంగు పూసి విడదీస్తే, మూడు ముఖాలకు రంగున్నవెన్ని, రెండింటికి ఎన్ని, ఒకదానికి ఎన్ని, అసలు లేనివెన్ని? రెండు: 216ను మూడు వరుస సంఖ్యల ఘనాల మొత్తముగా రాయండి. మూడు: రామానుజము గారివల్ల పేరు పొందిన 1729ని రెండు ఘనాల మొత్తముగా రెండు విధాల రాయండి. జవాబులు తెలుగులో రాసి పంపండి. అంకెలు తప్పినా ఫరవాలేదు, అంతస్తులు మాత్రము మరచిపోవద్దు.